ఎంగిలి లేని అంగిలి

నిద్రలో నా నాలుక అంగిలికి అతుక్కుపోయేది. మెలకువ వచ్చి నోరు తెరవబోతే తెరుచుకునేది కాదు. మొదటిసారి అలా జరిగినప్పుడు పక్షవాతం వచ్చిందనుకున్నాను. కాళ్ళూ చేతులూ ఆడించి చూసుకున్నాను, ఆడాయి. చివరికి నోట్లో వేలు పెట్టి నాలుకను ఊడదీశాను. నోట్లో పెట్టిన వేలు కడుక్కోకుండా పక్క మీద ఉండలేను కనుక లేచి పెరట్లోకి వెళ్ళాను. అది శ్రావణమాసం, బయట వాన దంచుతోంది. అంత వానలో చూరు కింద నిలబడి, నోరెండి చస్తానేమో అని భయపడ్డ మనిషిని నేను.

ఇప్పుడు గట్టెక్కాను. ఆ మాట రాయడానికి కూడా కొంచెం బెదురుగానే ఉంది. అయినా రాస్తున్నాను. రాత్రిళ్ళు మంచం పక్కన చెంబు పెట్టుకుని, ఇదంతా వయసు వల్లే అనుకునేవాళ్ళు నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. నేను చేసిన తెలివితక్కువ పని వాళ్ళలో ఒక్కరైనా చేయకుండా ఉంటే నాకు చాలు.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఏలూరులో ఉంటాం. పెదపాడు నుంచి ఉంగుటూరు దాకా పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, వ్రతాలు చేయిస్తాను. నోరే నా బతుకు. వేరే విద్య ఏదీ రాదు, నేర్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. నలుగురిలో కంఠం ఎత్తితే వెనక వరసలో వాళ్ళు కూడా మాటలాపి వినాలి, అదీ నా పట్టుదల. గర్వం అన్నా నాకు అభ్యంతరం లేదు.

శ్రావణంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా వ్రతాలే కదా, అరిచి అరిచి గొంతు అలిసిందిలే అనుకున్నాను. భాద్రపదం వచ్చింది, వినాయకుడూ నిమజ్జనానికి వెళ్ళిపోయాడు, నోరు మాత్రం అలాగే ఎండిపోయేది. రాత్రికి నాలుగుసార్లు, ఐదుసార్లు మెలకువ. నాలుక గరుకుగా, నాది కాదన్నట్టుగా ఉండేది. పెదవుల మూలలు పగిలి పచ్చళ్ళు మానేశాను. మింగడానికి ఉమ్మి లేకపోతే మింగడం అనే పని ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. గుటక వేయబోతే లోపల రెండు గోడలు ఒకదానికొకటి పట్టేసుకుని వదలవు.

నిద్ర లేక పగలంతా కళ్ళు మండేవి. దానికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. నాకు హోమం పొగ పడదు. ఈ వృత్తిలో ఉండి పొగ పడకపోవడం ఏమిటని నవ్వుతారు గానీ, నిజం. ఒక హోమం చేయిస్తే రెండు రోజులు తుమ్ములే. అందుకని మూడేళ్ళ నుంచి రాత్రిపూట ఒక జలుబు బిళ్ళ వేసుకుని పడుకోవడం అలవాటు. అది వేసుకుంటే కాస్త మత్తుగా నిద్ర పడుతుంది. ఒకటి వేసుకుంటే ఇంత నిద్ర పట్టినప్పుడు రెండు వేసుకుంటే తెల్లారేదాకా పడుతుంది కదా అని రెండు మొదలుపెట్టాను. నా భార్య కామేశ్వరి పసుపు, కుంకుమ, కర్పూరం తెచ్చేటప్పుడే పక్కన మందుల కొట్లో ఆ అట్టలు కూడా తెచ్చి దేవుడి అలమారలోనే పెట్టేది.

ఇక నీళ్ళు తాగే సంగతి. మా ఇంట్లో చెంబుకు పెదవి తగలకూడదు. ఎత్తి పోసుకోవాలి. మా నాన్నగారి దగ్గర మొట్టికాయలు తిని నేర్చుకున్న అలవాటు అది, పిల్లలకూ అలాగే నేర్పాను. ఎంగిలి అనే మాట మా ఇంట్లో రోజుకు పాతికసార్లైనా వినిపిస్తుంది. పెన్ను నోట్లో పెట్టుకుంటే ఎంగిలి, వేలు తడి చేసుకుని పుస్తకం తిప్పితే ఎంగిలి. అలాంటి ఇంట్లో నా నోట్లో ఎంగిలే లేకుండా పోయింది. రాత్రి రెండింటికి సగం నిద్రలో లేచి, చీకట్లో తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి పోసుకునేవాణ్ణి. సగం నోట్లోకి, సగం మెడ మీదికి.

"ఏవండీ, సీసా ఒకటి దగ్గర పెట్టుకుని చప్పరించండి. ఇలా పోసుకుంటే పొలమారుతుంది" అంది కామేశ్వరి.

"సీసాకి నోరు పెట్టి తాగడానికి నేనేం పాలు తాగే పిల్లాణ్ణా?" అన్నాను.

ఆవిడ చెంబు నింపి మంచం పక్కన పెట్టి పడుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ అలాగే ఊరుకుంటోంది.

కార్తీకంలో పెదపాడు దగ్గర గృహప్రవేశం. ఇంటాయన వెంకట్రాజుగారికి చేపల చెరువులున్నాయి, మాకు పాతికేళ్ళ పరిచయం. ముహూర్తం తెల్లవారుజామున. నా నోరు మామూలు స్థితికి రావడానికి ఈ మధ్య పొద్దున తొమ్మిది దాటుతోందని ఎవరికీ చెప్పలేదు. పీటల మీద కూర్చున్నాక పూజ అయ్యేదాకా నీళ్ళు తాగను. ఒక్క ఆచమనానికి మాత్రం ఉద్ధరిణెడు నీళ్ళు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు అక్కర్లేని చోట కూడా ఆచమనాలు చేశాను. మూడు చేయాల్సిన చోట ఏడు చేశాను. అయినా సంకల్పం మధ్యలో నాలుక ఆగిపోయింది. "ర" పలకాల్సిన చోట ఏదో చెక్క గీకిన చప్పుడు వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే. పీటల మీదున్న దంపతులు నావైపు చూస్తున్నారు. వెనక వరసలో నిజంగానే మాటలు ఆగిపోయాయి.

వెంకట్రాజుగారు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "పంతులుగారండీ, ముహూర్తం ఎక్కడికీ పోదండి. కాసేపు కళ్ళు మూసుకోండి" అన్నారు మెల్లగా. తర్వాత ఆయనే కొబ్బరిబోండం కొట్టించి తెచ్చారు. "తాగండి. దేవుడేమీ అనుకోడండి. అనుకుంటే నామీద చెప్పండి."

తాగాను. పూజ పూర్తిచేశాను. ఎలా చేశానో అడగొద్దు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుకు రెండువైపులా చెరువులే, కనుచూపు మేర నీళ్ళే. ఆటోలో కూర్చుని ఏడ్చాను. ఆటో అతను అద్దంలో చూసి పాటలు ఆపేశాడు.

ఇంటికి రాగానే నా జాతకం తీశాను. వాక్‌స్థానంలో శని. ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు అదే పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో మంత్రలోపం చేశాను, ఎవరికో తొందరలో సగం మంత్రం మింగేశాను, అందుకే వాక్కు తీసేసుకుంటున్నారు అనుకున్నాను. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని మింగానో లెక్కపెట్టుకుంటూ రాత్రులు గడిచాయి. ఊరివాళ్ళ జాతకాలు చూసి ఏమీ కాదు, శాంతి చేయిద్దాం అనేవాణ్ణి. నాకు నేను ఆ మాట చెప్పుకోలేకపోయాను.

కామేశ్వరి బలవంతం మీద మార్గశిరంలో ఏలూరులోనే ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. టోకెను తీసుకుని కూర్చుంటే మూడు గంటలు. నా పక్కన కొల్లేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. గొంతుకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నేను మాటిమాటికీ పెదవులు తడుపుకోబోవడం చూసి, "ఫ్యాను కింద కూకోకండి బాబూ. గాలికి ఇంకా ఎండుద్ది. ఇటు రండి" అని తన చోటు నాకిచ్చి తాను ఫ్యాను కిందికి మారాడు. ఆయన గొంతుకు ఏమైందో అడగలేదు. అడగడానికి భయమేసింది. నాకూ అదే అంటారేమోనని.

పెద్ద డాక్టరు దగ్గరికి పంపేముందు ఒక చిన్న డాక్టరమ్మ కూర్చోబెట్టి వివరాలు రాసుకుంది. మా అమ్మాయి కంటే చిన్నది.

"ఎన్నాళ్ళ నుంచండీ నోరు ఎండడం?"

"శ్రావణం నుంచమ్మా."

"షుగరు, బీపీ ఏమన్నా ఉన్నాయాండీ?"

"లేవు."

"మందు ఏమన్నా తీసుకుంటారా అండీ?"

పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, పిలక ముడితో కూర్చుని ఉన్నాను. "నన్ను చూస్తే నీకెలా కనిపిస్తున్నానమ్మా?" అన్నాను. మంత్రానికి తిరగని నోరు కోపానికి మాత్రం బాగానే తిరిగింది.

కామేశ్వరి నాకంటే ముందు లేచి నిలబడింది. "మా ఇంటావంటా లేదమ్మా. ఆయన బయట కాఫీ కూడా పుచ్చుకోరు."

ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "సారీ అండీ, సారీ" అంటూ గబగబా ఏదో రాసి కాగితం మా చేతికిచ్చింది. లోపల పెద్ద డాక్టరు ఆ కాగితం చూశాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

రక్తపరీక్షలన్నీ అయ్యాయి. షుగరు లేదు. అది లేదు, ఇది లేదు. లేదని చెప్పిన ప్రతిసారీ అందరూ సంతోషించేవారు, నాకు మాత్రం ఇంకొక తలుపు మూసుకున్నట్టుండేది. ఉమ్మి ఊరే గ్రంథులే ఎండిపోతున్నాయేమో చూడాలి, పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి అన్నారు. అదే అయితే పూర్తిగా నయం చేసే చికిత్స లేదు, అలవాటు పడాలి అన్నారు. మాఘంలో రమ్మన్నారు. మాఘం అంటే నాకు పెళ్ళిళ్ళ నెల. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ ఉంగుటూరులో ఉన్న మా తమ్ముడికి అప్పజెప్పాను. "నీకు ఒంట్లో బాగవగానే మళ్ళీ నువ్వే చేయిద్దువుగాని అన్నయ్యా" అన్నాడు వాడు. ఆ మాటకు కూడా విసుక్కుని ఫోను పెట్టేశాను.

పుష్యమాసం చలిలో నేను పడుకోవడం మానేశాను. కుర్చీలో కూర్చునేవాణ్ణి. కళ్ళు మూతలు పడితే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. పడుకుంటే నాలుక అతుక్కుంటుంది, ఈసారి ఊడి రాదు, ఊపిరాడక పోతాను అని గట్టి నమ్మకం ఏర్పడింది. ఇక ఓర్చుకోలేని రోజు జలుబు బిళ్ళలు మూడు వేసుకునేవాణ్ణి. కామేశ్వరి మీద ఊరికే అరిచేవాణ్ణి. ఆవిడ గురక పెట్టినా కోపమే. ఆవిడ నోట్లో అంత తడి ఉన్నందుకు నిద్రలో ఉన్న మనిషిని చూసి కుళ్ళుకున్నాను. ఇంతకంటే నీచంగా ఎప్పుడైనా ఆలోచించానా అంటే గుర్తు లేదు. ఈ బతుకు చాలు అని కూడా చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి మూడు బిళ్ళల మత్తులో లేచి, అలవాటు కొద్దీ చెంబు ఎత్తి గొంతులో గుమ్మరించుకున్నాను. ఎండిన గొంతు మింగలేదు. నీళ్ళన్నీ ఊపిరిగొట్టంలోకి పోయాయి. ఊపిరి లోపలికి రాదు, బయటికి పోదు. చెంబు కిందపడ్డ చప్పుడుకు కామేశ్వరి లేచింది. మామూలుగా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తడుతుంది. ఆ రాత్రి ఆ మాట లేదు. నన్ను ముందుకు వంచి రెండు చేతులతో వీపు మీద బాదింది. ఎంతసేపో తెలియదు. చివరికి దగ్గు తన్నుకొచ్చింది, ఊపిరి వచ్చింది.

నేను నేల మీద కూలబడి ఉన్నాను. ఆవిడ నా ముందు నిలబడింది. పెళ్ళయ్యాక మొదటిసారి నా మీద గొంతెత్తి అరిచింది.

"ఇంక చాలండీ మీ మడీ, మీ ఎంగిలీ! మీరు పోతే ఆ చెంబు తోముకుంటూ కూచోమంటారా నన్ను? చెప్పండి, కూచోమంటారా?"

వంటింట్లోకి వెళ్ళి మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు వదిలేసిపోయిన సీసా తెచ్చింది. గులాబీ రంగు, మూతకు చిన్న గొట్టం. నీళ్ళు పోసి నా నోట్లో పెట్టింది. పీల్చాను. కొంచెం కొంచెంగా నీళ్ళు నాలుక మీదికి వచ్చాయి. పాలు తాగే పిల్లాణ్ణా అని అడిగినవాణ్ణి పసిపిల్లాడిలాగే తాగాను. ఆవిడ నా తల పట్టుకుని కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం.

మాఘం రాకముందే ఒక పన్ను విరిగింది. నోట్లో తడి లేకపోతే పళ్ళు కూడా త్వరగా పుచ్చిపోతాయట. మా అమ్మాయి వాణి తాడేపల్లిగూడెంలో టీచరు. "పెదవి కోయించుకునే ముందు ఈ పన్నైనా చూపించుకో నాన్నా" అని తనకు తెలిసిన పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది. నడివయసావిడ, నెమ్మదస్తురాలు. నోట్లో లైటు వేసి ఒక్కో పన్నూ తట్టి చూసింది.

"బాబాయిగారూ, రాత్రి అన్నం తిన్న దగ్గర నుంచి తెల్లారేదాకా నోట్లోకి ఏమేం వెళతాయో వరసగా చెప్పండి. చిన్నదీ పెద్దదీ అని చూడకండి."

"గ్లాసుడు పాలు. ఒక ఏలక్కాయ. త్రిఫల చూర్ణం. తర్వాత నీళ్ళే."

"జలుబు బిళ్ళ చెప్పవేం నాన్నా?" అంది వాణి.

"అదీ ఒక మందేనా?" అన్నాను.

"మందు కాకపోతే బెల్లంముక్కాండీ?" అంది డాక్టరమ్మ. నవ్వుతూనే అంది, కానీ అట్ట చూపించమని చేయి చాపింది. నా సంచీలోనే ఉంది, ఇచ్చాను. చూడగానే ఆవిడ నవ్వు పోయింది. "ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఒకటి." వాణి నావైపు చూసింది. "ఈ మధ్య రెండు. నిద్ర పట్టనప్పుడు మూడు."

"నోరు ఎండబెట్టేది ఇదే అయ్యుండొచ్చండీ. ఏళ్ళ తరబడి పడినా ఎప్పుడో ఒకప్పుడు మొదలవుతుంది. నోరెండి నిద్ర పట్టడం లేదని మళ్ళీ ఇదే వేసుకుంటున్నారు." ఆవిడ అట్ట బల్ల మీద పెట్టింది. "ఆసుపత్రిలో మందులేమైనా వాడుతున్నారా అని మిమ్మల్ని అడగలేదాండీ?"

"అడగలేదమ్మా" అని అనేశాను. అన్న వెంటనే ఆ చిన్నపిల్ల ఎర్రబడ్డ మొహం కళ్ళ ముందుకొచ్చింది. మందు ఏమన్నా తీసుకుంటారా అండీ. అడిగింది. శుభ్రంగా, మర్యాదగా అడిగింది. నేనే సారా అనుకున్నాను. మా ఇంటావంటా లేదని తరిమాను. మార్గశిరం నుంచి ఆ రోజు దాకా నేను పడ్డ నరకమంతా ఆ ఒక్క మాటను తప్పుగా విన్నందుకు. నలభై ఏళ్ళుగా శబ్దానికి అర్థం చెప్పి బతికేవాణ్ణి, తెలుగులో రెండక్షరాల మాట దగ్గర బోల్తా పడ్డాను.

డాక్టరమ్మ అక్కడి నుంచే ఏలూరు పెద్ద డాక్టరుతో ఫోనులో మాట్లాడింది. బిళ్ళలు ఆపమన్నారు. పెదవి పరీక్ష ఒక నెల వాయిదా వేశారు. నెలలో ఉమ్మి తిరిగి ఊరితే సరి, లేకపోతే ముక్క తీయాల్సిందే. ఇది చదివి ఎవరికి వారు మందులు ఆపేసుకోకండి. వేసుకునేవన్నీ డాక్టరు ముందు పెట్టండి, అది మందు అని మీకు అనిపించినా అనిపించకపోయినా. నేను చెప్పదలచుకున్నది అదే.

నెల గడువు పెట్టాక రోజులు కదలలేదు. బిళ్ళ మానేస్తే తుమ్ములు మొదలయ్యాయి, ముక్కు కారేది, ముక్కు బిగిస్తే నోటితో ఊపిరి తీసుకుని నోరు ఇంకా ఎండేది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పొద్దున లేస్తూనే నాలుక కదిపి చూసుకునేవాణ్ణి. అదే గరుకు. బిళ్ళ కాదేమో, నిజంగానే గ్రంథులు పోయాయేమో. మధ్యలో ఒకసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ చిన్న డాక్టరమ్మ వరండాలో కనిపించింది. దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆ రోజు నువ్వడిగావు చూడు, మందు. తీసుకునేవాణ్ణి. రోజుకు మూడు" అన్నాను. బెంచీల మీదున్నవాళ్ళంతా తలలు తిప్పి నా పిలక వైపు చూశారు. ఆ పిల్లకు విషయం చెప్పేసరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నేను సరిగ్గా అడగాల్సిందండీ" అంది. కాదమ్మా, నేను సరిగ్గా వినాల్సింది.

నెల గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. తెల్లవారుతుండగా బుగ్గ కింద చల్లగా తగిలి మెలకువ వచ్చింది. సీసా కారిందనుకున్నాను. తడిమి చూశాను, సీసా కింద నిటారుగానే ఉంది, మూత బిగించే ఉంది. దిండు గలేబు మీద అరచేతి వెడల్పున తడి. పెదవి మూల నుంచి చెంప మీదికి సన్నగా ఒక చార. చొంగ. నేను చొంగ కార్చుకుని పడుకున్నాను. రాత్రంతా ఒక్కసారి కూడా లేవకుండా, పసివాడిలా.

"కామేశ్వరీ!" అని అరిచాను. ఆ పిలుపులో "ర" స్పష్టంగా పలికింది.

ఆవిడ హడలిపోయి లేచి లైటు వేసింది. నేను దిండు చూపించాను. ఆవిడ కళ్ళు నులుముకుని వంగి చూసింది. చేయి చాపింది.

"ముట్టుకోకు, ఎంగిలి" అన్నాను, అలవాటుగా.

ఆవిడ నా మాట వినలేదు. ఆ తడి మీద అరచేయి ఆనించి అలాగే ఉంచింది.

"ఇవాళ మాత్రం ఈ గలేబు ఉతకనండీ" అంది.